నిద్రావ్యాధియు మూత్రపిండ వ్యాధియు

మన ఇండ్లలో పెద్దలు "కంచె చేను మేసినట్లు" అను సామెతను తఱచుగా వాడుచుందురు. కాపుదల కొఱకు నాటినదే పంటను తినివేసినచో రైతు ఎవరితో మొఱపెట్టుకొనును? ఈ సామెత మానవదేహమునకు అక్షరాల వర్తించిన సందర్భమొకటి వైద్యచరిత్రలో కలదు. ఆఫ్రికా ఖండములోని ప్రజలను తరతరములుగా ఒక ప్రాణాంతక వ్యాధి నుండి కాపాడుచు వచ్చిన రక్తములోని ఒక పదార్థమే, రూపము కొంచెము మారి, వారి సంతతిలో కొందఱి మూత్రపిండములను చెఱచుచున్నదని 2010లో తేలినది. ఆ సంగతి తెలియక పూర్వము లోకము ఆ రోగులనే తప్పుపట్టినది. కావున ఇది జన్యుశాస్త్రమునకు సంబంధించిన కథ మాత్రమే కాదు. న్యాయమునకు సంబంధించిన కథ కూడ.

మొదట మూత్రపిండమును గుఱించి రెండు మాటలు చెప్పుకొందము. పిడికెడంత యుండు ఈ అవయవములో ఒక్కొక్కదానియందు సుమారు పది లక్షల సూక్ష్మమైన జల్లెడలు కలవు. దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము రక్తము నుండి వీనిలోనికి వడియును. అందులో నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు మరల రక్తములో చేరిపోవును. ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రమై వెలుపలికి పోవును. జల్లెడ చక్కగా నున్నంతకాలము రక్తములోని విలువైన మాంసకృత్తులు దానిని దాటి పోవు. జల్లెడ చిరిగినచో అవి మూత్రములో జాఱిపోవును. కాని మూత్రపిండము ఓర్పు గల అవయవము. సగమునకు పైగా చెడిపోవువఱకు అది నొప్పి యనదు, మూల్గదు. రోగి మేల్కొనునప్పటికి కాలము మించిపోవును.

ఈ మౌనరోగమును మొదట మాటలాడించినవాడు ఇంగ్లండు దేశపు వైద్యుడు రిచర్డ్ బ్రైట్. లండను నగరమునందలి గైస్ ఆసుపత్రిలో ఆయన, ఒడలు ఉబ్బి మరణించినవారి మూత్రపిండములను పరీక్షించి, అవి ముడుతలు పడి గట్టివడి యుండుట చూచెను. అట్టి రోగులు జీవించి యుండగా వారి మూత్రమును ఒక గరిటెలో పోసి దీపపు మంటపై కాచినచో, కోడిగ్రుడ్డులోని తెల్లసొనవలె అది గడ్డకట్టెడిది. ఒడలి వాపు, మూత్రములోని తెల్లసొన, చెడిన మూత్రపిండము - ఈ మూడును ఒకే రోగము యొక్క మూడు ముఖములని ఆయన 1827లో ప్రకటించెను. నాటి నుండి చిరకాలము ఆ వ్యాధికి బ్రైట్ వ్యాధి యనియే పేరు. రోగమున్నదని తెలిసికొనుటకు గరిటెయు దీపమును చాలినవి. అది ఎందుకు కొందఱికే వచ్చునో తెలిసికొనుటకు మాత్రము మఱి రెండు శతాబ్దములకు దగ్గరగా పట్టినది.

ఇచ్చట మనము మూత్రపిండమును కొంతసేపు విడిచిపెట్టి, రక్తములో ఈదులాడు ఒక క్రిమి వెంట పోవలసి యున్నది. ఈ రెండు దారులును తుదకు ఒక్కచోట కలియును.

ఆ క్రిమి పేరు ట్రిపనోసోము. ఒకే కణముతో ఏర్పడి, చిన్న చేపవలె మెలికలు తిరుగుచు పోవు జీవి అది. జంతువులకు రోగమును కలిగించు ట్రిపనోసోమును మొట్టమొదట చూచినది మన భారతఖండములోనే. 1880లో, నేడు పాకిస్తానులో నున్న డేరా ఇస్మాయిల్ ఖాన్ పట్టణమున, సైన్యపు గుఱ్ఱములును ఒంటెలును "సుర్రా" అను వ్యాధితో క్రుంగి కృశించి చచ్చుచుండెను. సైన్యములో పశువైద్యుడుగా నున్న గ్రిఫిత్ ఎవాన్స్ వాని రక్తమును సూక్ష్మదర్శినిలో పరీక్షించి ఈ క్రిమిని కనుగొనెను. ఆ జాతికి నేటికిని ఆయన పేరే యున్నది. తరువాత 1895 ప్రాంతమున దక్షిణాఫ్రికాలోని జూలూలాండున డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు పశువుల "నగానా" వ్యాధికి మఱియొక ట్రిపనోసోము కారణమనియు, దానిని మోసికొనిపోవునది త్సెత్సీ యను ఈగ యనియు నిరూపించెను.

ఇంతలో పశువులతో ఆగక ఉపద్రవము మనుష్యులపై బడినది. ఇరువదవ శతాబ్దము ఆరంభమున విక్టోరియా సరస్సు తీరమునందలి ఉగాండా దేశములో నిద్రావ్యాధి చెలరేగెను. మొదట జ్వరము వచ్చును. పిమ్మట మెడ వెనుక గ్రంథులు వాచును. తుదకు క్రిమి మెదడును చేరి, రోగి పగలు నిద్రించుచు, రాత్రి మేల్కొనుచు, మాట తడబడి, తిండి మాని మరణించును. 1900 మొదలు 1920 వఱకు ఆ తీరమున సుమారు రెండున్నర లక్షల మంది ఈ వ్యాధికి బలియైరి. సరస్సు ఒడ్డున ఊళ్ళకు ఊళ్ళు పాడుపడినవి. ఆల్డో కాస్టెలానీ యను ఇటలీ దేశపు యువవైద్యుడు రోగుల వెన్నెముక నీటిలో ట్రిపనోసోములను చూచెను. 1903లో బ్రూస్ ఉగాండాకు వచ్చి త్సెత్సీ ఈగ పాత్రను స్థిరపఱచెను.

ఈ మహావిపత్తు నడుమ ఒక చిన్న విశేషము కొందఱి దృష్టి నాకర్షించెను. పశువులను చంపు ట్రిపనోసోము మనుష్యుని ఏల చంపజాలకున్నది? ఒకే ఈగ ఆవును కుట్టుచున్నది, కాపరిని కుట్టుచున్నది. ఆవు చచ్చుచున్నది, కాపరికి ఆ జాతి క్రిమి వలన ఏమియు కాకున్నది. ఈ ప్రశ్నకు మొదటి సమాధానమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అల్ఫాన్స్ లావెరాన్ చూపెను. 1880లో అల్జీరియాలో మలేరియా పరాన్నజీవిని మొట్టమొదట చూచినవాడు ఈయనయే. ఆయన చూచిన ఆ జీవియే దోమ కడుపులో నుండుట 1897లో మన సికిందరాబాదున రోనాల్డ్ రాస్‌కు కనబడినది. ఈ లావెరాన్ 1902లో, నగానా క్రిమి సోకిన ఎలుకలకు మనుష్యుని రక్తద్రవమును ఎక్కించి చూచెను. క్రిములు నశించెను. మన రక్తములో ఏదో ఒక విషహరమైన పదార్థము కలదని దీనితో తేలెను. ఆ పదార్థమేదో తెలియుటకు మఱి నూఱేండ్లు పట్టినది.

1978లో ఆ పదార్థము నేడు సామాన్యజనులు "మంచి కొలెస్టరాలు" అని పిలుచు కణికలలో నున్నదని కనుగొనిరి. 2003లో బ్రసెల్స్ నగరమునందలి విశ్వవిద్యాలయములో ఎతియెన్ పేస్ బృందము అసలు మాంసకృత్తి పేరును వెల్లడించినది. అదియే అపోలైపోప్రొటీన్ ఎల్-1. క్లుప్తముగా అపోల్-1 అందము. ట్రిపనోసోము ఈ కణికను ఆహారమనుకొని మ్రింగును. లోపలికి పోయిన అపోల్-1 క్రిమి యొక్క పొరలకు రంధ్రములు పొడుచును. నీరు, లవణములు లోపలికి చొచ్చి క్రిమి ఉబ్బి పగిలిపోవును. శత్రువు ఇంట అతిథిగా ప్రవేశించి ఇంటిని కూల్చు యోధుని వంటిది ఈ మాంసకృత్తి.

అట్లైనచో మనుష్యులకు నిద్రావ్యాధి ఎట్లు వచ్చుచున్నది? క్రిములును ఊరకుండలేదు. తూర్పు ఆఫ్రికాలోని ఒక ఉపజాతి అపోల్-1ను పట్టి నిర్వీర్యము చేయు మాంసకృత్తి నొకదానిని సంపాదించుకొనినది. పశ్చిమాఫ్రికాలోని ఉపజాతి వేఱొక ఉపాయము పన్నినది. రక్తమునకును క్రిమికిని నడుమ ఈ ఎత్తులు పైఎత్తులు ఎన్నియో వేల యేండ్లు సాగినవి.

ఇదే కథలో మన దేశపు పుట యొకటి మఱల కలదు. ఎవాన్స్ కనుగొనిన సుర్రా క్రిమి మనుష్యునకు సోకదనియే శాస్త్రజ్ఞుల విశ్వాసము. కాని 2004లో మహారాష్ట్రమునందలి ఒక రైతు వచ్చుచు పోవుచు నుండు జ్వరముతో ఆసుపత్రికి రాగా, ఆయన రక్తములో ఆ క్రిములే కనబడెను. ఔషధముతో ఆయన కోలుకొనెను. కారణము వెదకగా 2006లో ఆశ్చర్యకరమైన సంగతి బయటపడినది: ఆ రైతు రక్తములో అపోల్-1 బొత్తిగా లేదు. తల్లి నుండి వచ్చిన జన్యువును, తండ్రి నుండి వచ్చిన జన్యువును రెండును చెడి యుండెను. కంచె లేని చేనిలో పశువు పడినట్లు, ఆయన దేహములో క్రిమి ప్రవేశించినది. ఈ సంగతిని మనము జ్ఞాపకముంచుకొనవలెను; దీని యందలి రెండవ పాఠము ముందు రానున్నది.

ఇక దారి అమెరికాకు మఱలును. బానిసలుగా అమ్ముడుపోయి, ఓడల అడుగు గదులలో అట్లాంటికు సముద్రమును దాటిన పశ్చిమాఫ్రికా జనుల సంతతివారు అక్కడ లక్షలుగా నున్నారు. వారిలో మూత్రపిండములు పూర్తిగా చెడి డయాలిసిస్ యంత్రమును ఆశ్రయించువారి సంఖ్య, జనసంఖ్యతో పోల్చినచో, తెల్లవారికంటె మూడు రెట్లకు మించి యుండుట బహుకాలముగా వైద్యులు గమనించుచునే యుండిరి. దానికి వారు చెప్పిన కారణము రక్తపుపోటు. నల్లవారికి రక్తపుపోటు హెచ్చు, వారు మందులు సరిగా వేసికొనరు, వైద్యుని కడకు వేళకు రారు, కావుననే మూత్రపిండములు చెడుచున్నవని వైద్యశాలలలో వ్రాసికొనుచు వచ్చిరి. ఇందులో కొంత సత్యము లేకపోలేదు. దారిద్ర్యము, వైద్యము అందకపోవుట, వర్ణవివక్ష - ఇవన్నియు అక్కడ నుండినవి, నేటికిని తొలగిపోలేదు. కాని రోగము యొక్క మూలమును రోగి నడవడిలోనే వెదకు అలవాటు ఒకటి స్థిరపడిపోయినది.

ఈ అభిప్రాయమును పరీక్షించుటకే 1995లో ఆఫ్రికన్ అమెరికన్ రోగులపై ఒక పెద్ద పరిశీలన ఆరంభమైనది. కొందఱిలో రక్తపుపోటును మామూలుగాను, కొందఱిలో మిక్కిలి కఠినముగాను అదుపులో నుంచిరి. 2002లో ఫలితములు వచ్చినవి. ఒక తరగతి మందులు మేలు చేసినవి. కాని రక్తపుపోటును మఱింత తగ్గించినంత మాత్రాన మూత్రపిండముల క్షీణత ఆగలేదు. మందులు వేళకు వేసికొనినవారికిని రోగము ముదురుచునే యున్నది. అనగా కారణము మఱెక్కడనో కలదు.

2008లో శాస్త్రజ్ఞులు ఆ కారణము 22వ క్రోమోజోములో నున్నదని పసిగట్టిరి గాని, ప్రక్కనున్న వేఱొక జన్యువును నేరస్థునిగా భావించిరి. దొంగ పొరుగింట నుండగా ఈ ఇంటి తలుపు తట్టినట్లైనది. 2010లో బోస్టను నగరమునందలి మార్టిన్ పొలాక్, డేవిడ్ ఫ్రీడ్‌మన్ బృందమును, ఇజ్రాయెల్ దేశమునందలి కార్ల్ స్కొరెకి బృందమును వేఱువేఱుగా సరియైన ఇంటిని గుర్తించిరి. అది అపోల్-1 జన్యువు. ఆఫ్రికాలో దానికి రెండు మాఱిన రూపములు కలవు. వానిని జి-1, జి-2 అందురు. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి - ఇట్లు రెండు మాఱిన రూపములును వచ్చినవారికి, రక్తపుపోటు వలన కలిగినదని పూర్వము పేరుపెట్టిన మూత్రపిండ వ్యాధి సుమారు ఏడు రెట్లును, జల్లెడలు గట్టిపడు మఱియొక వ్యాధి సుమారు పది రెట్లును అధికముగా వచ్చుచున్నదని లెక్క తేలెను. అమెరికాలోని ఆఫ్రికా సంతతివారిలో నూటికి సుమారు 13 మంది ఇట్టివారు.

మఱి ఇంతటి హానికరమైన రూపములు ఎట్లు ఇంతగా వ్యాపించినవి? ఆ బృందమువారే సమాధానము చూపిరి. మాఱిన రూపము గలవారి రక్తద్రవము, మామూలు రక్తమును జయించిన తూర్పు ఆఫ్రికా నిద్రావ్యాధి క్రిమిని సైతము పరీక్షనాళికలో చంపివేసినది. 2017లో ప్రకటింపబడిన ఉగాండా, గినీ దేశముల పరిశీలనలు దీనిని బలపఱచినవి: జి-2 ఒక్కటి యున్నను తూర్పు ఆఫ్రికా క్రిమి నుండి రక్షణ లభించుచున్నది, జి-1 కలవారికి పశ్చిమాఫ్రికా క్రిమి సోకినను వ్యాధి పైకి తేలక అణగియుండుట అధికముగా కనబడుచున్నది. వంశములో ఒకరికి ఒక్క పాలు వచ్చినచో వరము. రెండు పాళ్ళు వచ్చినచో ఆ వరమే శాపము. ఇట్టి బేరము ప్రకృతికి క్రొత్త కాదు. 1954లో ఆలిసన్ అను శాస్త్రజ్ఞుడు తూర్పు ఆఫ్రికాలో, కొడవలి కణముల జన్యువు ఒక్కటి యున్నవారిని మలేరియా అంతగా బాధింపదని చూపెను. రెండున్నచో అది ఘోరమైన రక్తహీనత. అంటురోగములే మనుష్యజాతి రక్తమును మలచు శిల్పులలో ముఖ్యమైనవని, తరువాత మన దేశమునకు వచ్చి భువనేశ్వరమున 1964లో కన్నుమూసిన హాల్డేన్ మహాశయుడు అంతకుముందే 1949లో సూచించి యుండెను.

అయినను కథ ఇంకను పూర్తికాలేదు. రెండు మాఱిన రూపములున్న వారందఱికిని రోగము రాదు. ఐదుగురిలో నలుగురు చక్కగా జీవించుచునే యున్నారు. రోగము వచ్చిన ఆ ఒక్కరికి ఏమైనది? ఇచ్చటనే శోథము ప్రవేశించుచున్నది. దేహములో అంటురోగమో, గాయమో కలిగినప్పుడు ఎఱ్ఱదనము, వేడి, వాపు, నొప్పి పుట్టించుచు దేహము చేయు పోరాటమే శోథము. ఆ పోరాటమునకు దండోరా వేయు పదార్థములలో ఇంటర్‌ఫెరాన్ ఒకటి. దీనిని 1957లో లండనులో కనుగొనిరి. ఇంటర్‌ఫెరాన్ దండోరా వినగానే అపోల్-1 జన్యువు మేల్కొని తన మాంసకృత్తిని ఎన్నో రెట్లు అధికముగా తయారు చేయును. క్రిమితో యుద్ధమునకు సైన్యమును పెంచుట వంటిదే ఇది. కాని మూత్రపిండపు జల్లెడను అంటిపెట్టుకొని యుండు పాదకణములలోను ఈ సైన్యము పుట్టును. మామూలు రూపమైనచో హాని లేదు. మాఱిన రూపము మాత్రము, క్రిమి పొరలకు పొడిచినట్లే, తన ఇంటి పొరలకే రంధ్రములు పొడుచును. పాదకణము చచ్చును, జల్లెడ చిరుగును, బ్రైట్ మహాశయుని గరిటెలో తెల్లసొన తేలును.

దీనికి సాక్ష్యములు వైద్యశాలలలోనే లభించినవి. వేఱు రోగములకు ఇంటర్‌ఫెరానును మందుగా ఇచ్చినప్పుడు కొందఱి మూత్రపిండములు హఠాత్తుగా కుప్పకూలినవి. ఎయిడ్సు వైరసు సోకి వైద్యము లేని వారిలో, రెండు మాఱిన రూపములున్నచో మూత్రపిండ వ్యాధి సుమారు 29 రెట్లు అధికమని 2011లో తేలినది. 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడును ఇదే వైనము కనబడినది. జన్యువు ఎండుగడ్డి; శోథము నిప్పురవ్వ. రెండును కలిసినగాని ఇల్లు అంటుకొనదు.

ఇప్పుడు మహారాష్ట్రపు రైతు చెప్పిన రెండవ పాఠమునకు వత్తము. అపోల్-1 బొత్తిగా లేని ఆయనకు మూత్రపిండ వ్యాధి లేదు. అనగా మూత్రపిండమునకు ఈ మాంసకృత్తి అవసరమే లేదు. దాని లోపము రోగము కాదు, దాని చెడురూపము చేయు పనియే రోగము. కావున ఆ పనిని అడ్డగించినచో మేలు కలుగవలెను. ఈ తర్కము నాధారముగా చేసికొని, అపోల్-1 పొడుచు రంధ్రమును మూయు ఔషధమొకటి తయారైనది. 2023లో ప్రకటింపబడిన తొలి పరీక్షలో, పదమూడు వారములలో రోగుల మూత్రమున పోవు మాంసకృత్తి సగటున నూటికి 47 పాళ్ళు తగ్గినది. పరీక్షింపబడినవారు కొద్దిమంది, కావున పెద్ద పరీక్షలు మొదలైనవి. ఊరిపేరైనను లోకమెఱుగని ఒక రైతు జ్వరము, సముద్రములకు ఆవల వేఱొక జాతివారి వైద్యమునకు దారిచూపుటలో భాగమైనది.

ఈ చరిత్ర మనకు నేర్పునదేమి? మొదటిది, జాతి వేఱు, జన్యువు వేఱు. నల్లవాడగుట రోగము కాదు. కొందఱు నల్లవారిలో నున్న రెండు అక్షరదోషముల వంటి మార్పులే కారణము. తక్కినవారికి ఆ ముప్పు లేదు. రక్తపరీక్షలో మూత్రపిండముల శక్తిని లెక్కించు సూత్రములలో నల్లవారికి వేఱు గుణకము వాడు పద్ధతి అమెరికాలో చాలకాలము నడచినది. దాని వలన వారి రోగము ఉన్నదానికంటె తక్కువగా కనబడి వైద్యము ఆలస్యమగుచు వచ్చినది. 2021లో అక్కడి మూత్రపిండ వైద్యసంఘములు ఆ గుణకమును తొలగింపుమని చెప్పినవి. రెండవది, శాస్త్రము తన మాటను తానే దిద్దుకొనుచుండును. ఒక్క మాఱిన రూపమువలన హాని లేదని మొదట తలచిరి. ఘనా, నైజీరియా దేశములలో జరిగి 2024లో వెలువడిన పెద్ద పరిశీలన, ఒక్కటియున్నను స్వల్పమైన ముప్పు కలదని చూపినది.

మన ఆంధ్రదేశములోను మూత్రపిండముల శోకము తెలియనిది కాదు. శ్రీకాకుళము జిల్లాలో కొబ్బరితోటలతో పచ్చగా నుండు ఉద్దానము సీమలో ఈ వ్యాధి ఎన్నో కుటుంబములను కృంగదీసినది. అక్కడి రోగులలో పెక్కుమందికి మధుమేహమును లేదు. ఆఫ్రికా జన్యువుల కథను తెచ్చి ఉద్దానమునకు అతికించుట తప్పు. జి-1, జి-2 రూపములు ఆఫ్రికా సంతతివారివి. నీరు, ఎండ, శ్రమ, వంశము - అన్నిటిని అక్కడ శాస్త్రజ్ఞులు వేఱుగా పరిశీలించుచున్నారు. కాని అమెరికా రోగుల కథలోని నీతి మాత్రము మనకును వర్తించును. కారణము తెలియనంతకాలము రోగి త్రాగిన నీటినో, తిన్న మందునో, పుట్టిన కులమునో తప్పుపట్టి తీర్పు చెప్పుట సులభము. తెలిసికొనుటయే కష్టము.

నూఱేండ్లకు పూర్వము విక్టోరియా సరస్సు తీరమున కాపరిని ఈగ కుట్టినను చావకుండ కాపాడిన రక్తమే, మునిమనుమని కాలమున అట్లాంటికు ఆవలి ఒడ్డున డయాలిసిస్ యంత్రములో పారుచుండవచ్చును. ఆ రక్తము నేరము చేయలేదు. అది తన కాలపు శత్రువుతో పోరాడినది. కాలము మాఱినది, దేశము మాఱినది, శత్రువు మాఱినాడు. కంచె చేను మేసినను, కంచె నాటిన చేతులను నిందింపరాదు. కంచెను సరిచేయు విద్య నేర్చుకొనుటయే మన కర్తవ్యము. అంతవఱకు, బ్రైట్ మహాశయుడు నేర్పిన ఆ సులభమైన మూత్రపరీక్షను ఏటికొకసారియైనను చేయించుకొనుట, మాటలాడని ఆ అవయవము పట్ల మనము చూపగల కనీస మర్యాద.